యూరిన్‌లో చీము, కల్చర్‌లో ఏమీ లేదు: కిడ్నీ టీబీతో నా అనుభవం

నేను మదనపల్లె డిపోలో కండక్టర్‌ని. ఎక్కువగా తిరుపతి సర్వీసు మీద ఉంటాను. వాయల్పాడు, కలికిరి, పీలేరు మీదుగా భాకరాపేట ఘాట్ దిగి తిరుపతి చేరడానికి మూడు గంటలు అటూ ఇటూ పడుతుంది. ఈ ఉద్యోగంలో చేరిన ఆడవాళ్లు మొట్టమొదట అలవాటు చేసుకునేది నీళ్లు తక్కువ తాగడం. అందుకే మూత్రంలో మంట మొదలైనప్పుడు కారణం కోసం ఎవరూ వెతుక్కోలేదు. నీళ్లు తాగదు, గంటల తరబడి ఆపుకుంటుంది, యూరిన్ ఇన్ఫెక్షన్ రాక ఇంకేం వస్తుంది అన్నారు. మా అత్తమ్మ వేడి చేసిందని బార్లీ నీళ్లు కాచి సీసాలో పోసి ఇచ్చేది.

మంట కాస్త తగ్గినా, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం మాత్రం పెరుగుతూ పోయింది. రాత్రి కంటి మీద కునుకు పడగానే మెలకువ వచ్చేది. వెళ్తే రెండు చుక్కలు. వచ్చి పడుకుంటే మళ్లీ అదే. పగలు బస్సులో ఇంకా కష్టం. బస్సు నిండా జనం, చేతిలో టికెట్ మిషన్, చిల్లర ఇస్తూ కలికిరి దాటేసరికి పొత్తికడుపు బిగిసిపోయేది. పైన రాడ్ పట్టుకుని పళ్లు బిగించి పీలేరు దాకా నిలబడేదాన్ని. మా డ్రైవరన్న అద్దంలో నా మొహం చూసి, నేను అడక్కముందే పెట్రోల్ బంకు దగ్గర బండి పక్కకు తీసేవాడు. "పోయిరామ్మా, టికెట్లు యాడికీ పోవులే" అనేవాడు. ఆ మనిషి చేసిన మేలు మరిచిపోలేను.

డాక్టర్‌కి చూపించుకుంటే యూరిన్ పరీక్ష, కల్చర్ రాశారు. కల్చర్ అంటే మూత్రంలో ఉన్న క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష. మామూలు పరీక్షలో పస్ సెల్స్ 20-25 అని వచ్చింది. అంటే మూత్రంలో చీము కణాలు. ఆడవాళ్లలో ఐదు లోపు ఉంటే పెద్దగా పట్టించుకోరట. కల్చర్‌లో మాత్రం 'నో గ్రోత్' అని ఉంది. "క్రిమి ఏమీ లేదమ్మా, మంచిదే" అని చెప్పి ఐదు రోజుల యాంటీబయాటిక్ ఇచ్చారు. వేసుకుంటే తగ్గింది. కొన్ని వారాలకు తిరగబెట్టింది. మళ్లీ పరీక్ష, మళ్లీ చీము, మళ్లీ నో గ్రోత్, మళ్లీ మాత్రలు. ఇంకోసారి వేరే డాక్టర్, వేరే ల్యాబ్. అక్కడ పస్ సెల్స్ లెక్కబెట్టకుండా 'ప్లెంటీ' అని రాశారు. కల్చర్ మాత్రం అదే పాట. మాత్రల పేర్లు మారాయి, మిగతా కథ మారలేదు. ఇలా ఏడాది దాటిపోయింది.

జ్వరం లేదు. దగ్గు లేదు. బరువు కొద్దిగా తగ్గాను, అది కూడా డ్యూటీ ఒత్తిడి అనుకున్నాం. ఎడమ పక్క నడుం దగ్గర సన్నగా లాగుతున్నట్టు ఉండేది. రోజంతా నిలబడే పని కదా అని దానికీ ఒక కారణం దొరికింది. ఒకరోజు మూత్రంలో రక్తపు జీర కనిపించాకే భయం వేసి, మా ఆయన నన్ను తిరుపతిలో యూరాలజీ డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాడు.

ఆయన వయసులో చిన్నవాడు. నేను తెచ్చిన రిపోర్టులన్నీ తేదీల వారీగా టేబుల్ మీద పరిచాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మీ ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా?" అని అడిగాడు. నాకు అర్థం కాలేదు. నేను వచ్చింది మూత్రం సంగతి చెప్పుకోవడానికి. మా ఆయన లేదన్నాడు. నాకు మాత్రం మా నాయన గుర్తొచ్చాడు. నేను రెండో తరగతిలోనో మూడో తరగతిలోనో ఉన్నప్పుడు ఆయనకు ఊపిరితిత్తుల టీబీ. ఆరోగ్యవరం ఆస్పత్రిలో చేర్చారు. మదనపల్లె పక్కన 1912లో మొదలైన ఆ శానిటోరియం పేరు మా వైపు తెలియనివాళ్లు ఉండరు. నాయన కోర్సు పూర్తిచేసి బాగైపోయాడు, ఇప్పటికీ తోట పని చేసుకుంటాడు. ఆ జబ్బు మా ఇంట్లో ముగిసిపోయిన కథ అనుకున్నాం.

డాక్టర్ చెప్పింది ఇది. చిన్నప్పుడు నాయన దగ్గుతో వచ్చిన క్రిమి నా ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఉంటుంది. అక్కడ నాకు జబ్బేమీ చేయలేదు, ఎక్స్‌రే కూడా బాగానే ఉంది. కిడ్నీ టీబీ వచ్చినవాళ్లలో చాలామందికి ఛాతీ ఎక్స్‌రే మామూలుగానే ఉంటుందట. కానీ అప్పట్లోనే కొన్ని క్రిములు రక్తంలో కలిసి కిడ్నీకి చేరతాయి. కిడ్నీకి రక్తం బాగా అందుతుంది కాబట్టి అక్కడ నిలదొక్కుకుంటాయి. పదేళ్లు, ఇరవై ఏళ్లు, ఇంకా ఎక్కువ కాలం కూడా మెదలకుండా ఉండిపోయి, ఎప్పుడో ఒకప్పుడు లేస్తాయి. మెల్లగా కిడ్నీని లోపలినుంచి తినేస్తూ, మూత్రం దిగే గొట్టంలోకీ అక్కడినుంచి మూత్రసంచిలోకీ దిగుతాయి.

మరి కల్చర్‌లో ఎందుకు కనపడలేదని మా ఆయన అడిగాడు. మామూలు యూరిన్ ఇన్ఫెక్షన్ తెచ్చే క్రిమి అనుకూలంగా ఉంటే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. అందుకే ల్యాబ్ వాళ్లు రెండు రోజులు చూసి, ఏమీ పెరగకపోతే నో గ్రోత్ అని రాసేస్తారు. టీబీ క్రిమి రెట్టింపు కావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. పైగా ఆ మామూలు ప్లేటు మీద అది పెరగదు. దానికి వేరే మీడియం కావాలి, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. చీము ఉండి కల్చర్‌లో ఏమీ రాకపోతే, అది ఒకసారి కాక మళ్లీ మళ్లీ జరిగితే, టీబీ ఉందేమో చూడమని ఆ రిపోర్టే చెబుతున్నట్టు లెక్క అన్నాడు డాక్టర్. మరి యాంటీబయాటిక్‌తో తగ్గింది కదా అంటే, నేను వాడిన వాటిలో ఆఫ్లాక్సాసిన్, లివోఫ్లాక్సాసిన్ ఉన్నాయనీ, ఆ రకం మందులు టీబీ క్రిమిని కూడా కొంత అణిచిపెడతాయనీ చెప్పాడు. జబ్బు పోదు, నోరు మూసుకుంటుంది. పరీక్షల్లో దొరకడం ఇంకా కష్టమవుతుంది.

ఆ ఏడాదిలో ఎవరైనా ఒక్కసారి ఈ ప్రశ్న అడిగి ఉంటే అని ఇప్పటికీ బాధపడతాను. కోపం కాదు, బాధే. ఎందుకంటే ఆ ఏడాదిలో నా కిడ్నీ కొంత పోయింది.

తర్వాత పరీక్షలు. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం, మొత్తం డబ్బాలో పట్టి ఇవ్వాలి. వరసగా కొన్ని రోజులు ఇవ్వాలి, మూడు నుంచి ఐదు దాకా అడుగుతారు. క్రిములు రోజూ ఒకేలా బయటికి రావు, రాత్రంతా నిలిచిన మూత్రంలో దొరికే అవకాశం ఎక్కువ. నాకేమో రాత్రంతా నిలిచే పరిస్థితే లేదు. ఆ సంగతి చెబితే, తెల్లవారుజామున వచ్చిందే పట్టండి, ఎంత వస్తే అంత అన్నారు. ల్యాబ్‌లో ఉన్న అమ్మాయి ఆ డబ్బాల్లోని మూత్రాన్ని మిషన్‌లో గిర్రున తిప్పి అడుగున చేరినదాన్ని తీసి సీబీనాట్ పరీక్షకు పెట్టింది. అది క్రిమి జన్యువును పట్టుకునే పరీక్ష. రెండు గంటల్లో ఫలితం చెబుతుంది, టీబీకి వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగుతుందో లేదో కూడా అందులోనే తెలుస్తుంది. మొదటి శాంపిల్‌లో రాలేదు. మా ఆయన అక్కడే ఊపిరి పీల్చుకున్నాడు. డాక్టర్ మాత్రం, రాలేదంటే లేదని కాదు, మిగతావి కూడా చూద్దాం అన్నాడు. తర్వాతి శాంపిళ్లలో ఒకదానిలో 'ఎంటీబీ డిటెక్టెడ్' అని వచ్చింది, అంటే టీబీ క్రిమి దొరికింది. కింద వరసలో రిఫాంపిసిన్ రెసిస్టెన్స్ లేదని ఉంది, అంటే ఆ మందుకు క్రిమి లొంగుతుంది. ఆ రెండో వరస ఎంత అదృష్టమో అప్పుడు నాకు తెలియదు.

రంగు మందు ఎక్కించి సీటీ స్కాన్ తీశారు. దానికి ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేశారు, ఎందుకంటే కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు ఆ మందు ఇబ్బంది చేయవచ్చు. స్కాన్‌లో ఎడమ కిడ్నీ వాచి ఉంది. మూత్రం దిగే గొట్టం కింది భాగంలో సన్నబడి ఉంది. మూత్రసంచి గోడ మందమైంది. డాక్టర్ కంప్యూటర్ తెర మీద వేలితో చూపించాడు. కుడి వైపు గొట్టం తెల్లటి గీతలా సాఫీగా దిగుతోంది. ఎడమ వైపు గీత కిందికి వచ్చేసరికి దారంలా సన్నబడి, దానికి పైన అంతా ఉబ్బి ఉంది. నాకు చదువు పెద్దగా లేకపోయినా ఆ బొమ్మ చూశాక ఎవరూ ఏమీ వివరించనక్కర్లేకపోయింది.

ఆస్పత్రిలో చేర్చుకుని ఎడమ గొట్టంలో స్టెంట్ వేశారు. డీజే స్టెంట్ అంటారు. సన్నటి మెత్తటి గొట్టం, రెండు కొసలూ వంకీ తిరిగి ఉంటాయి. ఒక కొస కిడ్నీలో, ఇంకో కొస మూత్రసంచిలో. నడుం కింద మత్తిచ్చి మూత్రం దారిలోంచే వేశారు, కోత లేదు. అదే సమయంలో మూత్రసంచి గోడ నుంచి చిన్న ముక్క కూడా తీసి పరీక్షకు పంపారు. స్టెంట్ ఉన్నన్నాళ్లూ మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ పక్కలో పోటు వస్తుంది, అప్పుడప్పుడు ఎర్రగా కూడా పడుతుంది. ఇది ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. చెప్పకపోతే మనిషి హడలిపోతుంది.

ఆ వార్డులోనే ఈ జబ్బు ఎంత దూరం పోతుందో చూశాను. నా పక్క మంచంలో పీలేరు వైపునుంచి వచ్చిన ఒక అక్క. ఆమెకు మూత్రంలో మంట కూడా పెద్దగా లేదట. వేరే దేనికో స్కాన్ తీస్తే కుడి కిడ్నీ సున్నం గడ్డలా గట్టిపడిపోయి కనిపించింది. గొట్టం పూర్తిగా మూసుకుపోతే ఆ చెడు మూత్రసంచికి దిగదు, కాబట్టి మూత్రం పరీక్ష కూడా బాగానే వస్తుంది, మనిషికి తెలియదు. ఆమెకు కిడ్నీ తీసేయాలని తేల్చారు, ముందు కొన్ని వారాలు టీబీ మందులు వాడించి ఆ తర్వాత ఆపరేషన్. ఇంకో పెద్దాయన మూత్రసంచి కుంచించుకుపోయి గుక్కెడు కూడా పట్టని స్థితిలో వచ్చాడు. పేగు ముక్క తీసి దానికి అతికి పెద్దది చేయాల్సి వస్తుందని ఆయన కొడుకు చెప్పాడు. నాకూ ఇంకో ఏడాది గడిచి ఉంటే ఈ రెండింటిలో ఏదో ఒకటి అయ్యేదే.

డిశ్చార్జి కాకముందే నా పేరు నిక్షయ్‌లో, అంటే టీబీ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కించారు. టీబీ కేసు ఏ ఆస్పత్రిలో దొరికినా ప్రభుత్వానికి తెలియజేయాలన్నది 2012 నుంచి ఉన్న నియమం. ప్రైవేటులో చూపించుకున్నా మందులు ప్రభుత్వం నుంచి ఉచితంగా తీసుకోవచ్చు. షుగర్, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా చేశారు. టీబీ వచ్చిన ప్రతివాళ్లకీ చేస్తారట, మనల్ని అనుమానించి కాదు. పోషకాహారం కోసం బ్యాంకు ఖాతాలో పడే డబ్బు నెలకు 500 ఉండేది, 2024 నవంబర్ నుంచి 1000 రూపాయలు చేశారు. నాకు 1000 లెక్కనే పడింది. గుడ్లకూ పాలకూ ఖర్చుపెట్టాను.

మందులు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన మాత్ర, ఆ తర్వాత నాలుగు నెలలు మూడు మందులు కలిపిన మాత్ర. ఎన్ని వేసుకోవాలన్నది బరువును బట్టి. నేను 50 కిలోల లోపు ఉన్నాను కాబట్టి రోజుకు మూడు మాత్రలు, పొద్దున పరగడుపున. మొదటి రోజే మూత్రం నారింజ రంగులో వచ్చింది. రక్తమేమోనని గుండె ఝల్లుమంది. రిఫాంపిసిన్ వల్ల అలాగే వస్తుంది, కన్నీళ్లకూ చెమటకూ కూడా ఆ రంగు రావచ్చు, భయం లేదని ప్రభుత్వ టీబీ సూపర్‌వైజర్ సార్ ఫోన్‌లో చెప్పాడు. ఇంకో సంగతి ఆడవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రలు రిఫాంపిసిన్‌తో కలిస్తే సరిగా పనిచేయవు. ఇది నేను అడిగాకే చెప్పారు. ఆ మందుల్లో ఒకటైన ఎథాంబుటాల్ కంటిచూపు మీద ప్రభావం చూపగలదు, ఆ మందు బయటికి పోవాల్సింది కిడ్నీల గుండానే కాబట్టి నాలాంటివాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కంటి డాక్టర్ ఎరుపు, ఆకుపచ్చ రంగుల పుస్తకం చూపించి పరీక్ష చేసింది. మొదటి నెల వాంతి వచ్చినట్టుండేది, కీళ్లు నొప్పులు పెట్టేవి. రెండూ డాక్టర్‌కి చెప్పాను, మాత్రలు మాత్రం ఆపలేదు.

ఇంట్లో మా అత్తమ్మ నా కంచం, గ్లాసు వేరుగా పెట్టింది. పాపను నా దగ్గర పడుకోనివ్వలేదు. ఆమెది చెడ్డ మనసు కాదు, మా నాయన సంగతి విన్నప్పటినుంచీ ఆమెకు భయం. సూపర్‌వైజర్ సార్ ఇంటికి వచ్చినప్పుడు అందరికీ దగ్గుందా, జ్వరముందా అని అడిగి, అత్తమ్మతో ఇలా అన్నాడు: "అమ్మా, ఊపిరితిత్తుల్లో ఉంటేనే దగ్గితే గాలిలో పోయి అంటుకుంటాది. ఈమె ఎక్స్‌రే బాగుండాది. కిడ్నీలో ఉండే జబ్బు కంచం వల్లా గ్లాసు వల్లా అంటదు. బిడ్డను తల్లి దగ్గర పండుకోనీ." ఆ రాత్రి పాప నా పక్కకు వచ్చింది.

రెండో నెల దాటేసరికి మంట పోయింది, రాత్రి నిద్ర పట్టింది, బరువు పెరిగాను. మూడో నెలలో స్టెంట్ తీసేశారు. ఎన్నాళ్ల తర్వాతో ఒంట్లో ఏ నొప్పీ లేదు. ఇంతటితో అయిపోయిందనుకునే చోటు ఇదే. చాలామంది ఇక్కడే స్కాన్‌లకు పోవడం మానేస్తారని డాక్టర్ ముందే హెచ్చరించాడు. మందు క్రిమిని చంపుతుంది, పుండు మానుతుంది. కానీ కాలిన చర్మం మానేటప్పుడు ముడుచుకుపోయినట్టు గొట్టం కూడా మానుతూ మానుతూ బిగుసుకుపోతుంది. జబ్బు తగ్గేకొద్దీ దారి మూసుకుపోవచ్చు. అది మెల్లగా జరుగుతుంది కాబట్టి నొప్పి కూడా తెలియదు. అందుకే నొప్పి లేకపోయినా కొన్ని వారాలకు అల్ట్రాసౌండ్ తీయించుకోవాలని గట్టిగా చెప్పి పంపాడు.

తీయిస్తే ఎడమ కిడ్నీ మళ్లీ వాచింది. నాకు నిజంగా ఏమీ తెలియలేదు, ఆ ముందు రోజు కూడా హాయిగా ఘాట్ ఎక్కి దిగి వచ్చాను. ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందో చూసే డీటీపీఏ స్కాన్ చేయించారు. మొత్తం పనిలో ఎడమవైపు వాటా 31 శాతం. నిలబెట్టుకోదగ్గ కిడ్నీయే అన్నారు. గొట్టంలో బిగుసుకున్న కింది ముక్కను కత్తిరించి, బాగున్న భాగాన్ని మూత్రసంచికి ఇంకో చోట కలిపి కుట్టారు. ఆపరేషన్ పెద్దదే. కొన్ని వారాలు బరువు ఎత్తకూడదు, బస్సు ఎక్కకూడదు. మాత్రలు మాత్రం ఒక్కరోజూ ఆగలేదు, ఆపరేషన్ మర్నాడు కూడా వేసుకున్నాను. ఆ స్కాన్‌కు పోకుండా ఉంటే, మందులన్నీ సక్రమంగా వాడి కూడా కిడ్నీని పోగొట్టుకునేదాన్ని. ఈ ఒక్క సంగతి చెప్పడానికే ఇంత రాస్తున్నాను. ఎవరైనా కిడ్నీ టీబీ మందులు వాడుతుంటే, ఒంట్లో బాగున్నా సరే స్కాన్ ఎప్పుడని మీ డాక్టర్‌ని మీరే అడగండి.

కోర్సు పూర్తయింది. చివర్లో మూత్రం టీబీ కల్చర్‌కు పంపి, వారాల తరబడి ఆగి, క్రిమి లేదని తేల్చుకున్నాం. ఈసారి అది నిజంగా మంచి మాట. ఇప్పుడు కొన్ని నెలలకోసారి అల్ట్రాసౌండ్, క్రియాటినిన్. తిరుపతి సర్వీసులోనే ఉన్నాను, నీళ్ల సీసా టికెట్ మిషన్ బ్యాగులోనే పెట్టుకుంటాను. టీబీ గురించి ఏ అనుమానం ఉన్నా 1800-11-6666కి ఫోన్ చేసి అడగవచ్చు, డబ్బు పడదు. ఆ నంబరు డిపోలో మా ఆడవాళ్ల రెస్ట్ రూమ్ గోడ మీద రాసిపెట్టాను.

మొన్న మా డిపోలో ఒక చెల్లి తన రిపోర్టు తెచ్చి చూపించింది. చీము కణాలు ఉన్నాయి, కల్చర్‌లో నో గ్రోత్. "బాగుంది కదక్కా" అంది. యూరాలజీ డాక్టర్‌కి చూపించమని వెంటపడ్డాను. వెళ్లింది. ఆమెది టీబీ కాదు, గొట్టంలో రాయి. చిన్న రాయే, మందులతోనే పడిపోయింది.